బిస్కట్టు పొట్లానికి ‘తలోదరి’ టీక

మెదక్ సీమవాడైన కోలాచలం మల్లినాథసూరి కాళిదాసుకు టీక రాస్తూ, మూలంలో లేనిది చెప్పనని ప్రతిన పట్టాడు. ఆయనకేం, ఆయన మూలం ముందూ వెనుకా ఒకటే మాట చెప్పేది. నాకు దొరికిన మూలం బిస్కట్టు పొట్లం. ముందువైపు చెప్పింది వెనుకవైపు కనబడదు.

అవతారిక: ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో తెలుగు పండితుడిగా పనిచేసి, పద్యాలకు ప్రతిపదార్థాలు చెప్పి చెప్పి రిటైరయ్యాను. ఎనిమిది నెలల కిందట బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నాను. స్లీవ్ అంటారు. జీర్ణకోశంలో ముప్పాతికకు పైగా తీసేసి, మిగిలినదాన్ని అరటికాయలా సన్నగా కుట్టేస్తారు. అందులో నూరు, మహా అయితే నూటయాభై మిల్లీలీటర్లు పడుతుంది. తలోదరి అంటే సన్నని నడుము గల స్త్రీ అని క్లాసులో చెప్పేవాణ్ని, పిల్లలు నా పొట్ట వైపు చూసి నవ్వేవాళ్లు. ఇప్పుడా మాట నా లోపలి అవయవానికి అక్షరాలా సరిపోయింది గనుక, ఈ టీకకు ఆ పేరే పెట్టుకున్నాను.

టీక ఎందుకంటారా? పొట్లం మీది వివరాలు ఇంగ్లీషులో గానీ, దేవనాగరిలో హిందీగా గానీ ఉంటే చట్టానికి చాలు. తెలుగులో వేయడం కంపెనీవాళ్ల దయ. పైగా అక్షరాలు ఆవగింజల్లో సగం. పళ్లపొడి అరల పక్కన భూతద్దంతో నిలబడ్డ ముసలాణ్ని చూసి, సూపర్ మార్కెట్ కుర్రాడు దొంగేమో అనుకున్నాడు.

మూలము (ముందువైపు): “బహుధాన్య శక్తి! ప్రోటీన్ మేలిమి! చింత లేని చిరుతిండి!”

మూలము (వెనుకవైపు, నా తెలుగు): “ఇందలి పదార్థములు: శుద్ధిచేసిన గోధుమపిండి, చక్కెర, ఖాద్య వనస్పతి తైలము, ఓట్స్ (4%), రాగిపిండి (2%), ఇన్వర్ట్ సిరప్, మాల్ట్ సారము, పాల ఘనపదార్థములు, ఉప్పు...”

ప్రతిపదార్థము: బహుధాన్య = పెక్కు ధాన్యములు గల. ఇక్కడ శంక. కనబడేవి ఓట్సూ రాగీ రెండేగదా, సంస్కృతంలో రెండింటికి ద్వివచనముండగా బహువచనార్థమెట్లు? సమాధానం: మైదా కూడా ఒకప్పుడు గోధుమే. దాన్ని కలుపుకుంటే మూడు. కంపెనీవారి వ్యాకరణం ఎక్కడా తప్పలేదు.

శుద్ధిచేసిన గోధుమపిండి = మైదా. శుద్ధి అనగా పొట్టూ మొలకా తీసేయుట. ఖాద్య వనస్పతి తైలము = ఈ పొట్లంలో పామాయిలు. ఇన్వర్ట్ సిరప్ = చక్కెరను విడగొట్టిన పాకం. మాల్ట్ సారము = బార్లీ మొలకల తీపి. చక్కెర = చక్కెర. ఈ ఒక్క మాటకే టీక అక్కర్లేదు.

అన్వయము: పద్యానికి అన్వయం పండితుడు చెప్పుకోవాలి. ఇక్కడ ఆ శ్రమ ఆహార భద్రతా సంస్థవారే తీసుకున్నారు. ఏది ఎక్కువ వేస్తే అది ముందు రావాలి, అంటే పదార్థాల వరుస బరువు తగ్గే క్రమంలో ఉండాలి. నేనూ బరువు తగ్గే క్రమంలోనే ఉన్నాను. ఇంత చక్కని శ్లేష ప్రబంధకవులకైనా ఊరికే తట్టదు, మన గెజిట్‌లో ఎవరికీ తెలియకుండా పడి ఉంది.

ఈ క్రమంలోనే ఒక గడుసుతనం కూడా ఉంది. ఒకే తీపిని చక్కెర, సిరప్, మాల్ట్ అని మూడు పేర్లతో విడగొడితే, ఒక్కొక్కటీ బరువులో తగ్గి వరుసలో కిందికి జారుతుంది. మూడింటినీ కలిపి కూర్చోబెడితే ఏ మెట్టు మీద కూర్చుంటాయో పాఠకులే ఊహించుకోవచ్చు. రావణుడికి పది తలలున్నా మనిషి ఒక్కడేనని మనకు తెలుసు. పొట్లం దగ్గరికి వచ్చేసరికి మరిచిపోతాం.

అలంకారము: ముందువైపు అతిశయోక్తి. వెనుక పోషక విలువల పట్టీలో స్వభావోక్తి. అక్కడ నూరు గ్రాములకు మాంసకృత్తులు ఏడు గ్రాములని ఉంది. మా డైటీషియనమ్మ నాకు రోజుకు అరవై గ్రాములు తగ్గకూడదంది. త్రైరాశికం వేశాను. అరవై గ్రాముల ‘మేలిమి’ కోసం ఎనిమిది వందల యాభై ఏడు గ్రాముల బిస్కట్లు తినాలి. వృకోదరుడికైతే అది అల్పాహారమే. ఉన్న చోటు నూటయాభై మిల్లీలీటర్లు గల నాబోటివాడు ఏం వేసినా ముందు మాంసకృత్తులకు చోటిచ్చి తర్వాత మిగతావాటిని చూడాలి.

పూర్వపక్షము: రావులపాలెం నుంచి మా బావమరిది ఆత్రేయపురం పూతరేకుల పెట్టెతో దిగాడు. “కాగితమంత రేకు బావా, నీ పొట్టలో చోటెంత ఆక్రమిస్తుంది?” అన్నాడు. వాదం బలమైనదే. చోటు ఆక్రమించదు. చిక్కంతా అక్కడే. ఆపరేషన్ అడ్డుకునేది పరిమాణాన్నే. బాగా నమిలి మింగిన కోడిగుడ్డు లోపల కూర్చుని “ఇక చాలు” అనిపిస్తుంది. నోట్లో కరిగేవి, కరకరమని పొడి అయిపోయేవి, టీలో ముంచిన రస్కులు, చిప్స్, కారప్పూస, ఇవన్నీ కూర్చోవు. జారిపోతాయి. పొట్ట నిండిన కబురు రాదు, చెయ్యి మళ్లీ పెట్టెలోకి పోతుంది, తగ్గిన బరువు మెల్లగా ఇంటికొస్తుంది. అందుకే తినేటప్పుడు నీళ్లూ టీలూ వద్దు, తిన్నాక అరగంట ఆగమంటారు. ఇక తీపి ఒక్కసారిగా పేగుల్లోకి దిగితే కొందరికి గుండెదడ, చెమటలు, కడుపునొప్పి. డంపింగ్ అంటారు. పొట్టకు బైపాస్ చేయించుకున్నవాళ్లకు ఎక్కువ, మా స్లీవ్‌వాళ్లకూ లేకపోలేదు. ఇదంతా విని బావమరిది పూతరేకులు తానే తిన్నాడు. వాదంలో ఓడినవాడు ఇంత ఆనందించడం నేనెక్కడా చూడలేదు.

పాఠాంతరము: బిస్కట్టు కాదు, ప్రోటీన్ బార్ చదవమని మా అబ్బాయి మతం. కిందటి నెల రైల్లో సికింద్రాబాద్ వెళ్తూ, చక్కెర లేదని రాసిన బార్ ఒకటి ఖమ్మంలో విప్పాను. మాంసకృత్తులు నిజంగానే ఉన్నాయి. తీపీ ఉంది. చక్కెర లేకుండా తీపి ఎట్లా అని శంకించి భూతద్దం తీసేసరికి బార్ అయిపోయింది. మాల్టిటాల్ అట. దాని కింద ఒక చిన్న వాక్యం: పాలియోల్స్ విరేచనకారి కావచ్చు. ప్రతి గ్రంథానికీ ఫలశ్రుతి చివర ఉంటుంది, చివర చదవడమే నా అలవాటు. కాజీపేట దాకా నా సీటు ఖాళీగానే ఉంది.

సిద్ధాంతము: మా వీధి చివర శెట్టిగారి కొట్లో పుట్నాలు దొరుకుతాయి. వేయించిన శనగలు, అంతే. పదార్థాల పట్టీ ఒక్క మాట. నూరు గ్రాములకు ఇంచుమించు ఇరవై గ్రాముల మాంసకృత్తులు. పిడికెడు, అంటే ముప్పై గ్రాములు తింటే ఆరు గ్రాములు. అదే బరువు ఆ బిస్కట్లకు రెండు. అయితే పుట్నాలు గుజ్జయ్యేదాకా నమలాలి, ఎనిమిదో నెల కాబట్టి నాకు చెల్లింది. మొదటి నెలల్లో ఉన్నవాళ్లు డాక్టరు చెప్పేదాకా వీటి జోలికి రావద్దు. వాళ్లకు గట్టి పెరుగూ, మెత్తని పనీరూ ఉన్నాయి. పొట్లం తప్పనిసరైతే వెనుకవైపు మొదటి మూడు పేర్లు చూసి, అందులో పప్పో పాలో గుడ్డో గింజో లేకపోతే అర మీద పెట్టేయడమే నా పద్ధతి. దీనివల్ల మా బజారు బుట్ట బరువూ తగ్గింది.

ఇది శ్రీమదల్పోదర ప్రసాదలబ్ధ జ్ఞానుండును, భూతద్దహస్తుండునునగు విశ్రాంత తెలుగు పండిత ప్రణీతంబైన తలోదరీ వ్యాఖ్యయందు సర్వంబు నేకాశ్వాసము.

పాఠకులకు మనవి. సూపర్ మార్కెట్లో ఏ బిస్కట్ల అర దగ్గరైనా ఒక పెద్దాయన పొట్లం తిరగేసి చదువుతూ కనిపిస్తే, వెలుతురుకు అడ్డం నిలబడకండి.