కాకికి ఫాస్టాగ్ లేదు

రిటైరైన మొగుడూ పెళ్లాం చలికాలంలో కారేసుకుని చుట్టాలనీ స్నేహితులనీ చూసి రావడం ఎలా అని ఈమధ్య ఒకరిద్దరు అడిగారు. అడగనివాళ్లకి కూడా చెబుతున్నాను. 34 ఏళ్లు ఊరూరూ తిరిగి ఇతరుల లెక్కలు ఆడిట్ చేసినవాణ్ణి. మొన్న సంక్రాంతికి వనస్థలిపురంలో బయలుదేరి విశాఖపట్నం దాకా, పోను సుమారు 650 కిలోమీటర్లు నడిపి, 5 రోజుల్లో 17 ఇళ్లు పూర్తిచేసుకుని వచ్చాం. కాబట్టి నా మాట నమ్మొచ్చు. మా ఆవిణ్ణి మాత్రం అడక్కండి.

కారే ఎందుకంటారా? 2020 మార్చి దాకా రైల్లో 60 నిండిన మగవాళ్లకి 40 శాతం, 58 నిండిన ఆడవాళ్లకి 50 శాతం చార్జీ తగ్గేది. అది ఆగిపోయింది. ఇద్దరి టికెట్ల మీదా మిగలాల్సిన ఆ కాస్త డబ్బూ ఊరికే పోగొట్టుకోవడం ఇష్టం లేక కారు కొన్నాను. దాని వాయిదాలు 2029 దాకా ఉన్నాయి.

ఈ వయసులో అంత దూరం నడుపుతారా, ఓసారి కళ్లూ గుండే చూపించుకోండి అనేవాళ్లుంటారు. 55 దాటినవాళ్లకి లైసెన్సు అయిదేళ్లకే ఇస్తారు, దానికి డాక్టరు సర్టిఫికెట్ కూడా జతచెయ్యాలి. నాది 2023లో అయింది. అంటే 2028 దాకా నా కళ్లకి ఏ లోటూ రాదన్నమాట. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేశాను గనక మళ్లీ నవంబరు దాకా ప్రాణానికీ ఢోకా లేదు. కాగితాలు సక్రమంగా ఉన్నాక ఆస్పత్రి చుట్టూ తిరగడం దండగ.

బయలుదేరేది రాత్రి 2 గంటలకి. పండక్కి ఊళ్లకి పోయే జనం పంతంగి టోల్ గేటు దగ్గర చేరకముందే మనం దాటెయ్యాలి. దాటాం. సూర్యాపేట దాటాక మంచు పట్టుకుంది. తెల్లవారుజామున, అందులోనూ పొలాల పక్కన, మంచు మరీ చిక్కగా ఉంటుందని, పొద్దెక్కితే గానీ విడదని మా ఆవిడ వారం ముందే చెప్పింది. చెప్పింది సరే, పొద్దెక్కేదాకా ఇంట్లో కూర్చుంటే 17 ఇళ్లు ఎలా అవుతాయి?

మంచులో దారి కనపడకపోతే హై బీమ్ వెయ్యండి. వెయ్యగానే ఎదర తెల్లటి గోడ లేస్తుంది. భయపడకండి. మంచంటే గాల్లో వేలాడే నీటి తుంపరే గనక, మనం ఎంత వెలుతురు పంపితే అంతా తిరిగి మన కళ్లలోనే పడుతుందట. డిమ్ చేస్తే వెలుగు కిందికి దిగి రోడ్డు మీద పడుతుందని, ఫాగ్ లైట్లుంటే అవి వేసుకోమని, మా ఆవిడ కారుతోపాటు ఇచ్చిన పుస్తకం సెల్‌ఫోన్ వెలుగులో చదివి వినిపించింది. ఆ పుస్తకం కారు అమ్మినవాళ్లు రాసింది. ఎదటి పార్టీ రాసుకున్నది ఆడిట్‌లో సాక్ష్యం కింద తీసుకోం.

గోడ మరీ చిక్కబడితే ముందు పోతున్న లారీ ఎర్రలైట్లు పట్టుకుని దాని వెనకాలే, రెండు బారల దూరంలో పోండి. లారీవాడికి దారి తెలుసు. అలా పోయి పోయి మేము కోదాడ దగ్గర ఓ రైస్ మిల్లు ఆవరణలో తేలాం. వాచ్‌మన్ టార్చిలైటు వేసి, "కాటా మీదికి ఎక్కించండి" అన్నాడు. ఎక్కించాను. అక్కడ చీటీ లేనిదే గేటు తియ్యరు మరి. ఆ చీటీ నా ఫైల్లో ఉంది. మేమిద్దరం, కారు, ఆరు స్వీట్ బాక్సులు, 14 జాకెట్టు ముక్కలు కలిపి ఎంత తూగుతామో ఇప్పుడు మాకు కిలోలతో సహా తెలుసు.

లోపల అద్దానికి ఆవిరి పడితే ఏసీ జోలికి పోకండి. చలికాలంలో ఏసీ ఏమిటి, ఎవరైనా వింటే నవ్వుతారు. ఏసీ తేమ లాగేసి నిమిషంలో అద్దం తేటపరుస్తుందని మా అల్లుడు ఫోన్లో చెప్పాడు. అల్లుళ్లు చెబుతూనే ఉంటారు. పక్క సీట్లో ఉన్నవాళ్లకి ఓ తువ్వాలు ఇవ్వండి, చాలు. కోదాడ నుంచి నందిగామ దాకా మా ఆవిడ తుడుస్తూనే ఉంది. ఆ తరవాత రెండు రోజులు చెయ్యెత్తి జడ వేసుకోలేకపోయింది గానీ, అద్దానికి మాత్రం వంక పెట్టలేం.

ఇక నీళ్లు. తాగకండి. తాగితే ఆగాలి, ఆగితే ఇళ్లు తగ్గుతాయి. చలికాలం గనక దాహం కూడా అట్టే వెయ్యదు, అది మనకి కలిసొచ్చేది. ఈ విషయంలో మా ఆవిడతో నాకు పేచీ రాలేదు. దారిలో తలుపుకి గడియ, గడియకి తలుపు రెండూ ఉన్న మరుగుదొడ్డి దొరికే నమ్మకం లేక ఆవిడ పెళ్లినాటి నుంచి ప్రయాణమంటే పెదాలు తడుపుకుని ఊరుకోవడమే. నేను చేసిందల్లా ఇంకో అడుగు ముందుకెయ్యడం. బీపీకి ఆవిడ వేసుకునే వాటిలో నీళ్ల మాత్ర ఒకటుంది. వేసుకుంటే గంటకోసారి లేవాలి. ఆ మాత్రల డబ్బా డిక్కీలో అన్నిటికన్నా అడుగున, జంతికల డబ్బా కింద పెట్టాను.

కాకినాడ చేరేసరికి ఆవిడ పాదాలు బూరెల్లా పొంగాయి. చెప్పులు పట్టలేదు. అక్కడ నా స్నేహితుడి కూతురు డాక్టరు. వేలితో నొక్కి, గుంట పడి అలాగే ఉండిపోవడం చూసి, "అంకుల్, మాత్ర ఆపమని మీకు ఎవరు చెప్పారు?" అంది. గంటల తరబడి కాళ్లు వేలాడేసి కూర్చుంటే రక్తం గడ్డకట్టొచ్చని, రెండు గంటలకోసారి దిగి నాలుగడుగులు వెయ్యాలని, నీళ్లు మానకూడదని, మాత్రల డబ్బా ఉండాల్సింది చేతిసంచిలోనని పాఠం చెప్పింది. ఆ పిల్లని నేను ఎత్తుకు ఆడించాను. ఆ ఇంటికి 20 నిమిషాలు కేటాయిస్తే గంటా పది పట్టింది.

ఆ కేటాయింపు సంగతి చెప్పాలి. ఓ పుస్తకం పెట్టుకోండి. ఇంటివారి పేరు, చేరిన వేళ, లేచిన వేళ, ఇచ్చినవి, పుచ్చుకున్నవి - అయిదు గడులు. వస్తున్నామని ముందుగా ఫోన్ చెయ్యకండి. చేస్తే వంట మొదలెడతారు. మనం పొద్దున్న ఆరుకి తలుపు తడితే వాళ్లు పళ్లు కూడా తోముకోని స్థితిలో ఉంటారు గనక కాఫీతో వదిలేస్తారు.

పాత స్నేహితులతో మరీ జాగ్రత్త. తాడేపల్లిగూడెంలో ఒకడున్నాడు. 1977లో కాకినాడ పి.ఆర్. కాలేజీలో చదివేటప్పుడు ఇద్దరిదీ ఒకే గది. ఇప్పుడు వాడికి ఎడమ చెవి వినపడదు. నన్ను కుడివైపు కూర్చోబెట్టుకుని బిస్కట్ల డబ్బాలోంచి ఫొటోలు తీశాడు. ఒక్కో మొహం మీద వేలు పెట్టి, వీడెక్కడున్నాడు, వాడెప్పుడు పోయాడు అని మొదలెట్టాడు. ఆ లెక్కన ఒక్కో ఫొటోకి పావుగంట. "వాట్సాప్‌లో పెట్టరా, తీరిగ్గా చూస్తాను" అని లేచాను. వాడికి వాట్సాప్ లేదని కారెక్కాక మా ఆవిడ చెప్పింది. ఆవిడకెలా తెలుసో అడగలేదు. వాడి భార్యతో ఆ 20 నిమిషాల్లోనే ఇద్దరూ ఏడ్చి, నవ్వి, ఓ మల్లె అంటు కూడా పుచ్చుకుని వచ్చింది.

స్వీట్లు కొనడం అనవసరం. తణుకులో ఇచ్చిన ఆత్రేయపురం పూతరేకులు కాకినాడలో ఇచ్చెయ్యండి. కాకినాడ గొట్టం కాజా విశాఖలో ఇవ్వండి. విశాఖలో వచ్చిన అరిసెలు తిరుగు ప్రయాణంలో పనికొస్తాయి. మా లెక్కల్లో దీన్ని బదిలీ పద్దు అంటారు. చిన్న ఇబ్బంది ఒకటుంది: తాపేశ్వరం మడత కాజా పెట్టె ఒకటి మూడిళ్లు తిరిగి మొదట ఇచ్చినావిడ చేతికే వెళ్లింది. ఆవిడ తన చేత్తో కట్టిన పురికొస గుర్తుపట్టింది. పెట్టె పుచ్చుకుని, లోపలికెళ్లి, ఇంకోటి తెచ్చి ఇచ్చింది.

అన్నిటికన్నా ముఖ్యమైన చిట్కా ఆఖరికి అట్టేపెట్టాను. తిరుగు ప్రయాణం కనుమ నాడు పెట్టుకోండి. ఆ రోజు ఎవరూ ఊరు కదలరు, రోడ్డు ఖాళీగా ఉంటుంది. రాజమండ్రిలో మా అక్కయ్య ఇంట్లో రాత్రి పడుకున్నాం. ఆవిడకి 78. తెల్లారేసరికి మినప్పప్పు రుబ్బి, బాండీ పొయ్యి మీద పెట్టింది. నేను తాళాలు తీసుకోవడం చూసి, "కనుమ నాడు కాకైనా కదలదురా తమ్ముడూ" అంది.

"కాకికి ఫాస్టాగ్ లేదు అక్కయ్యా, నాకుంది" అన్నాను. మంచి మాట పడిందని నేనే నవ్వుకున్నాను. అక్కయ్య గరిటె పట్టుకుని గుమ్మందాకా వచ్చి, మేము మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది. అద్దంలో చూశాను.

సాయంత్రానికి పంతంగి చేరితే, నాలాగే ఆలోచించిన కాకులన్నీ బారులు తీరి ఉన్నాయి. నా ఫాస్టాగ్‌లో డబ్బు అయిపోయింది. నగదైతే రెట్టింపు కట్టాలన్నారు. కట్టాను.

ఇంటికొచ్చాక పుస్తకం లెక్క తీశాను. 17 ఇళ్లు, రాత్రి పడుకున్న వేళలు మినహాయిస్తే సగటున ఇంటికి 24 నిమిషాలు. మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగేసింది. "అక్కయ్యగారి కంటి ఆపరేషను ఎప్పుడన్నారు?" అని అడిగింది. అలాంటి గడి నేను గియ్యలేదు.

వచ్చే డిసెంబరుకి ఆవిడ గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో పోతుందట, పూర్తి చార్జీ పెట్టి. తాడేపల్లిగూడెంలో మూడు రోజులు, రాజమండ్రిలో వారం. రైలు టికెట్లు 60 రోజుల ముందే ఇస్తారు గనక అక్టోబరు దాకా ఆగుతానంది. ఒక్క టికెట్టే తీసుకుంటుందట.

కాబట్టి మా కారులో ముందు సీటు ఖాళీగా ఉంది. ఆసక్తిగల పెద్దలు రాత్రి 2 గంటలకి సిద్ధంగా ఉండాలి. తువ్వాలు ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. నీళ్ల సీసా తేవద్దు.