ఓటమెరుగని శాఖ

1994 డిసెంబరులో కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వాన్ని ఇంటికి పంపిందెవరంటే నెల్లూరు జిల్లాలో ఎవరైనా దూబగుంట ఆడవాళ్ల పేరే చెబుతారు. చెప్పాలి కూడా. అక్షరాస్యత ఉద్యమంలో పలక పట్టిన ఆ కూలీ ఆడవాళ్లు ముందు ఊళ్లో సారా కొట్టు మూయించారు. 1992 వచ్చేసరికి జిల్లాలో సారా వేలంపాటలే సాగనివ్వలేదు. వయోజనులకు చదువు చెబితే సంతకంతో సరిపెట్టుకోరనీ, సర్కారు లెక్కలు కూడా చదువుతారనీ అధికారులకు అప్పుడే తెలిసొచ్చింది. నాటి ముఖ్యమంత్రి మన వాకాడు వారే, నేదురుమల్లి జనార్దనరెడ్డి. (ఆయన కుర్చీ దిగింది మాత్రం సారా వల్ల కాదు, ప్రైవేటు మెడికల్ కాలేజీల అనుమతుల గొడవ వల్ల.) తర్వాత వచ్చిన కోట్ల 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించినా 294 స్థానాల్లో కాంగ్రెస్‌కు దక్కినవి 26. ప్యాకెట్టు పారేసి సీసా దాచుకున్న తెలివిని ఆడవాళ్లు గమనించారు. ఎన్టీఆర్ ప్రమాణం చేస్తూనే సంపూర్ణ మద్యనిషేధానికి సంతకం పెట్టారు. 1980ల్లో ‘వారుణి వాహిని’ పేరిట సర్కారీ సారాను ఊరూరా పంపిందీ ఆయన ప్రభుత్వమే. అది అడిగేంత తీరిక ఆరోజు ఎవరికీ లేదు.

ఓట్లు తెచ్చింది రెండు రూపాయల బియ్యం కదా, అయిదేళ్లలో ముగ్గురు ముఖ్యమంత్రుల్ని మార్చిన కాంగ్రెస్ నిర్వాకం కదా అనొచ్చు. నిజమే, వాటికీ వాటా ఉంది. ఇంకా గట్టి అభ్యంతరం 1999. నిషేధాన్ని 1997లో ఎత్తేసిన చంద్రబాబే మళ్లీ గెలిచారు, మరి ఆడవాళ్ల కోపం ఏమైనట్టు? కోపం ఉంటే చాలదు, దాన్ని వేయడానికి బ్యాలెట్టు మీద గుర్తొకటి ఉండాలి. ముఖ్యమంత్రికి ప్రత్యర్థి ఉంటాడు. ఎక్సైజు శాఖ మీద నామినేషన్ వేసేదెవరు? ఎవరు గెలిచినా జీతాలకూ పథకాలకూ డబ్బు కావాలి, అది సాయంత్రానికల్లా కౌంటర్లో జమవుతుంది.

అందుకే ప్రభుత్వాలు పడిపోతున్న కొద్దీ హామీ కూడా మెట్టుమెట్టుగా దిగింది. 1994లో పూర్తిగా మూసేస్తామన్నారు. 2019లో దశలవారీగా అన్నారు, మొదటి దశగా ప్రభుత్వమే కొట్టు పెట్టుకుని కూర్చుంది. ఆ ఏడు ఉమ్మడి నెల్లూరు పది స్థానాలూ వైసీపీవి; 2024లో పదికి పదీ తెలుగుదేశానివి. ఈసారి ఇచ్చిన మాట నాణ్యమైన మందు తక్కువ ధరకు! ఇన్నేళ్లలో మద్యం మీద పొల్లుపోకుండా నిలబెట్టుకున్న హామీ బహుశా ఇదొక్కటే. అక్టోబరుకల్లా 99 రూపాయల క్వార్టరు వచ్చింది. ప్రైవేటు షాపులకు లాటరీ తీశారు. దరఖాస్తుకు 2 లక్షలు, షాపు తగలకపోయినా తిరిగివ్వరు. అయినా జనం ఎగబడ్డారు.