బూర నొక్కినోళ్ళదే జవాబు

నేను లారీ బూరని. ఇత్తడి గొట్టం, చివర రబ్బరు బుడగ. కరెంటూ బ్యాటరీ అక్కర్లేని జాతి. మా ఊరు సాలూరు. లారీలంటే విజయవాడ తర్వాత మా ఊరి పేరే చెబుతారు. నన్ను బిగించిన బండి సుంకి ఘాటీ ఎక్కి కొరాపుట్, జయపురం, జగదల్‌పూర్ మీదుగా రాయ్‌పూర్ దాకా పోయేది. ప్రతి మలుపు ముందూ నేను అరవాలి. ఎదురుబండి బూర కూడా అరిస్తే ఇద్దరం బతికినట్టే. ఆ బండి చివరికి తుక్కులోకి పోయింది. నన్ను మాత్రం బాడీ షెడ్డులో గోడకి మేకు కొట్టి తగిలించారు.

షెడ్డు యజమాని కొడుకు హైదరాబాదు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాన్ని ఇంటి నుంచే చేసుకోవచ్చని ఊరికొచ్చేశాడు. పగలంతా లాప్‌టాప్. సాయంత్రమైతే మాట్లాడే మనిషి లేడు. ఊళ్ళో కుర్ర ఉద్యోగులు లేరా అంటే బోలెడుమంది: బ్యాంకువాళ్ళు, సచివాలయంవాళ్ళు, ఆశ్రమ పాఠశాల టీచర్లు, నర్సులు. కానీ ఒకరికొకరు తెలీదు. మెస్సులో తింటారు, గదికి పోతారు, సెలవు దొరికితే సొంతూరి బస్సెక్కేస్తారు. వీళ్ళని కదిలించాలని ఒక రెండో శనివారం రాత్రి షెడ్డులో మన ప్రాంతం మీద క్విజ్ పెట్టాడు.

క్విజ్ అంటే బడిపిల్లల వ్యవహారమని మనవాళ్ళ లెక్క. కలకత్తాలో నీల్ ఓబ్రయన్ 1967లోనే ఒక చర్చి హాల్లో పెద్దవాళ్ళకి క్విజ్ పెట్టాడట. హైదరాబాదులో కె-సర్కిల్ అనే క్విజ్ క్లబ్బు 1972 నుంచి ఉందట. ఇవన్నీ కుర్రాడు మైకులో చెబుతుంటే విన్నాను. అంతలో కరెంటు పోయింది. ఆన్‌లైన్లో తెప్పించిన బజర్లు మూగబోయాయి. వాచ్‌మన్ తాత, ఒకప్పుడు నా బండి డ్రైవరే, నన్ను మేకు మీంచి దించి బల్ల మీద పెట్టాడు.

“ఎవులు ముందు నొక్కితే ఆలదే.”

అప్పట్నించీ అదే నియమం. నాలుగు జట్లకీ బూర ఒక్కటే కాబట్టి పరిగెత్తాలి, గుద్దుకోవాలి, సారీ చెప్పుకోవాలి. సారీ చెప్పాక పేరడక్క తప్పదు.

జట్లని చీటీలు తీసి వేస్తారు. అసలు కిటుకు అక్కడుంది. ఓ రాత్రి బొబ్బిలి కుర్రాడూ విజయనగరం అమ్మాయీ ఒకే జట్టులో పడ్డారు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీదికొచ్చిన ఫ్రెంచి సేనాని ఎవరని ప్రశ్న. బుస్సీ అని ఇద్దరికీ తెలుసు. నొక్కితేగా! బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు విజయనగరం రాజు విజయరామరాజుని గుడారంలో చొరబడి పొడవడం న్యాయమా కాదా అని వాళ్ళలో వాళ్ళే తగువు పెట్టుకున్నారు. పాయింటు పక్క జట్టు ఎగరేసుకుపోయింది. వీళ్ళ తగువు టీ తాగేటప్పుడు కూడా తెగలేదు.

ఇంకోసారి ఓ పసుపుపచ్చ చెక్కముక్కని చేతులు మార్పించారు. వాసన చూసి దీంతో ఏం చేస్తారో చెప్పాలి. కడప నుంచి వచ్చిన బ్యాంకు అబ్బాయి పనస అని పట్టేశాడుగానీ వీణ దాకా పోలేకపోయాడు. బొబ్బిలి గొల్లపల్లిలో ఒకే పనసదుంగని తొలిచి వీణ చేస్తారని తెలిశాక, అక్కడికి బస్సు ఎన్నింటికని అడిగాడు.

ఫోన్లో దొరికే ప్రశ్నలంటే నాకు చిన్నచూపు. కన్యాశుల్కం మొదట ఎప్పుడు ఆడారు? 1892. ఒక మోత, ఒక పాయింటు, అయిపోయింది. సవర భాషకి నిఘంటువు రాసిందెవరంటే కూడా గిడుగు రామమూర్తి అని నాలుగు జట్లూ నా మీద పడ్డాయి. ఆ భాషకి లిపి చేసిందెవరు అనేసరికి ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. సీతంపేట వైపు నుంచి వచ్చిన ఒక నర్సు తాపీగా నడిచొచ్చి నన్ను ఒక్కసారి నొక్కింది. ఒడిశాలో మంగేయ్ గొమాంగో, 1936లో. లిపి పేరు సొరాంగ్ సొంపెంగ్. కుర్రాడి కాగితంలో అంతే ఉంది. ఆవిడ సుద్దముక్క తీసుకుని, రంగు వెయ్యని లారీ తలుపు మీద అక్షరాలు ఒక్కొక్కటే రాసి పలికించింది. గుణుపురం చుట్టాలింట్లో నేర్చుకుందట. 2012 నుంచి యూనికోడ్‌లో కూడా ఉన్నాయని కుర్రాడు అందించాడు.

“ఓలమ్మో, పక్కగదిలో ఉండి ఇన్నాళ్ళూ చెప్పలేదేటి?” అంది సచివాలయం అమ్మాయి.

“మీరు అడగలేదు కదండీ.”

మొన్నటి ఆఖరి ప్రశ్న తాతది. సాలూరు నుంచి సుంకి దాకా బూర కొట్టి తీరాల్సిన మలుపులెన్ని? ఒక్కో జట్టు ఒక్కో లెక్క చెప్పింది. తాత అన్నీ తప్పేనన్నాడు. మ్యాపు తెరిచి వాదించబోతే, రోడ్డు మీదికొచ్చి లెక్కెట్టండన్నాడు. ఆదివారం పొద్దున్నే మోటారు సైకిళ్ళు బయల్దేరుతున్నాయి. నన్ను తాత ఒళ్ళో పెట్టుకుంటాడట. బుడగ పగుళ్ళిచ్చింది, కొత్తది వెయ్యాలి. ఆ ఖర్చు ఓడిన జట్టుదని అప్పుడే తీర్మానం కూడా అయింది.