గుప్పెడు మైదా, గంపెడు విషాదం

మనిషికి దుఃఖం అప్పుల వల్ల, అయినవాళ్లు పోవడం వల్ల, ఇంటర్ ఫలితాల వల్ల వస్తుందని ఇన్నాళ్లూ అనుకున్నాం. ఇంటి స్టూడియో ఫొటో కళాకారులు ఆ భ్రమ తొలగించారు. కిలో మైదా, నల్ల దుప్పటి, రెండు ఫ్లాష్‌లు ఉంటే ఎంత హుషారైనవాడికైనా అరగంటలో విషాదం తెప్పించవచ్చు.

పద్ధతి తేలికే. మంచం గోడవారకు నెట్టి, బీరువాకు దుప్పటి కట్టి, బావమరిది చొక్కా విప్పించి స్టూలు మీద కూర్చోబెడతారు. "నువ్వేం చెయ్యక్కర్లేదు బామ్మర్దీ, ఊరికే కిందికి చూడు. మిగతాది పిండి చూసుకుంటుంది." పక్కనుంచి ఓ చెయ్యి గుప్పెడు మైదా విసురుతుంది. క్లిక్. బావమరిది తుమ్ముతాడు. తుమ్ము రాబోయే ముందు కళ్లు సగం మూతపడి, ముక్కుపుటాలు అదిరి, పై పెదవి వణికే క్షణం ఉంటుంది చూశారూ, అదే మర్నాడు నలుపు తెలుపుల్లో 'అంతర్మథనం' అనే పేరుతో ఇన్‌స్టాగ్రామ్‌కెక్కుతుంది. చూసినవాళ్లు "ఎంత లోతు బ్రో!" అంటారు. లోతు నిజమే, ఊపిరితిత్తుల దాకా పోయింది.

ఇందులో విద్య లేదని నేననను. ముందునుంచి వెలుతురు పడితే గాల్లో పిండి చప్పగా, మసకగా ఉంటుంది. వెనకనుంచి ఏటవాలుగా కొడితే ఒక్కో రేణువూ మెరుస్తుంది. పొద్దున్న కిటికీలోంచి పడే ఎండలో మాత్రమే ఇంట్లో దుమ్ము కనబడేదీ ఇందుకే. ఎగిరే పిండిని ఆపేది కూడా షట్టర్ కాదు, ఫ్లాష్. గది చీకటి చేసి, షట్టర్ 1/200 దగ్గర ఉంచి, ఫ్లాష్ పవర్ బాగా తగ్గిస్తే ఆ మెరుపు సెకనులో పదివేలవ వంతుకు అటూ ఇటూగా ముగిసిపోతుంది. పిండి ఉన్నచోటే నిలబడిపోతుంది. మనవాడు ఇదంతా వినడు. వేగం కావాలి కదా అని మామూలు ఫ్లాష్‌తోనే 1/1000 పెడతాడు. ఫ్రేములో ముప్పాతిక నల్లగా వస్తుంది. అది తప్పని ఎవరైనా చెబితే, కాదు, 'మూడ్' అంటాడు.

మూడ్ అంటే గుర్తొచ్చింది. 1941 డిసెంబరు 30న ఒట్టావాలో ఫొటోగ్రాఫర్ యూసుఫ్ కార్ష్ చర్చిల్‌ని ఫొటో తీశాడు. ఆయన మీద ఏమీ చల్లలేదు. నోట్లోని చుట్ట లాగేసుకున్నాడు, అంతే. చుట్ట పోయిన పెద్దమనిషి గుర్రుగా చూసిన ఆ చూపును బ్రిటన్ మొండిధైర్యమని ప్రపంచం ఇప్పటికీ నమ్ముతోంది. మన వీధిలో అయితే ముందు ఆయన బట్టతల మీద పావుకిలో కార్న్‌ఫ్లోర్ పడేది.

ఈ మాటంటే వెంటనే ఫొటోగ్రాఫర్ హాల్స్‌మన్‌ని అడ్డం పెట్టుకుంటారు. 1948లో సాల్వడార్ డాలీ ఫొటో కోసం ఆయన పిల్లుల్నీ నీళ్లనీ విసిరించలేదా అని. విసిరించాడు, ఇరవై ఎనిమిదిసార్లు. కానీ ప్రతిసారీ డాలీ కూడా ఎగిరాడు. నర్తకి గిర్రున తిరిగినప్పుడు చేతివెంట లేచే పొడి కూడా అలాంటిదే, ఆ తిరుగుడు ఎంత వేగమో మనకు చూపిస్తుంది. దానికి నేనూ చప్పట్లు కొడతాను. స్టూలు మీద కదలకుండా కూర్చున్నవాడి చుట్టూ పిండి ఏ కదలికను చూపిస్తున్నట్టు? నటిస్తున్నది పిండి ఒక్కటే. పారితోషికం కూడా దానికే ఇవ్వాలి.

పొడి చల్లుకోవడం మనకేం కొత్త కాదు. కొమురవెల్లి మల్లన్న దగ్గర బండారి చల్లుకుంటారు, ఎన్నికల్లో గెలిస్తే బుక్కా గులాల్ చల్లుకుంటారు. అక్కడ ముందు పూనకం, తర్వాత పొడి. ఇక్కడ పొడి ముందే వచ్చి కూర్చుని పూనకం కోసం ఎదురుచూస్తోంది. పిండి పడితేనే గాంభీర్యం వచ్చేట్టయితే మన గిర్నీ నడిపే మనిషిని మించినవాడెవడు? కనుబొమలు, రెప్పలు, చెవులమీద వెంట్రుకలు అన్నీ తెలుపే. ఒక్క కళాకారుడూ ఆయన గుమ్మం తొక్కడు. తొక్కినా ఆయన కిందికి చూడడు, "జొన్నలా, గోధుమలా?" అని అడుగుతాడు.

ఒక్క విషయంలో మాత్రం నాకు నవ్వు రాదు. 2015 జూన్ 27న తైవాన్‌లోని ఓ వాటర్‌పార్కులో జనం మీద చల్లిన రంగు మొక్కజొన్న పిండి గాల్లోనే అంటుకుంది. 15 మంది చనిపోయారు, దాదాపు 500 మంది గాయపడ్డారు. గడ్డగా ఉంటే పిండి అంత తేలిగ్గా అంటుకోదు, మేఘమై లేస్తే ప్రతి రేణువు చుట్టూ గాలే. గుప్పెడు పిండికి అంత ప్రమాదం లేకపోవచ్చు. కానీ పక్కన 'వాతావరణం కోసం' కొవ్వొత్తులు వెలిగించి మరీ విసిరే మహానుభావులున్నారు.

ఇక షూటింగు అయ్యాక. మైదాను తడిగుడ్డతో తుడిస్తే ఏమవుతుందో గోడల మీద సినిమా పోస్టర్లు అంటించేవాళ్లకు తెలుసు, మన కళాకారుడికి తెలియదు. రెండో గుడ్డ పెట్టేసరికి గచ్చంతా జిగురు. మిగిలిన పొడి ఫ్యాను రెక్కలెక్కి, ఏసీ ఫిల్టరులో దూరి, చివరికి లెన్సును చేరుతుంది. జూమ్ తిప్పినప్పుడల్లా లెన్సు గాలిని పీలుస్తుంది, గాలితోపాటే మైదానూ. నెల తిరక్కుండా అది సర్వీసు సెంటర్‌కి వెళుతుంది. అక్కడ బిల్లు చేతికిచ్చినప్పుడు ఆయన ముఖంలో కనిపించే భావం ఉంది చూడండి, ఎవరూ ఏమీ విసరకుండానే వస్తుంది. తీద్దామంటే కెమెరా కౌంటరు అవతల ఉంటుంది.