బల్లి భోజన వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: గోడపై బల్లి దీపముకడఁ బురుగుఁ దినును.

ప్రతిపదార్థం: గోడపై = సున్నమో పెయింటో పూసిన నిలువు చదునునందు; బల్లి = గృహగోధిక; దీపముకడన్ = ట్యూబులైటు చెంత; పురుగున్ = దోమ, ఉసిలి మొదలైనదానిని; తినును = ఆరగించును.

తాత్పర్యం: దీపం దగ్గరికి పురుగులు చేరతాయి, వాటి కోసం బల్లి చేరుతుంది. పైకి ఇంతే. వాక్యకర్త ఎవరో తేలలేదు. ఛందస్సు లేదు కనుక కవి కాడనే అనుకోవాలి. అయినా ఏ మాటా ఊరికే వేయలేదు. తినేదానికొక మాట, తిండికొక మాట, చోటుకు మాత్రం రెండు. బల్లి ఏం తినాలో దాని రుచికంటే అది నిలిచిన చోటే ఎక్కువగా తేలుస్తుందన్నది కర్త ఆశయమని మా సిద్ధాంతం. బల్లి ఎక్కడ పడితే ఏ ఫలమో పంచాంగాలు చెబుతున్నాయి గాని, ఎక్కడ నిలిస్తే ఏ భోజనమో చెప్పడం లేదు. ఈ టీక ఆ లోటు పూడ్చడానికే.

విశేషం: పురుగుకు దీపం మీద మోహమని కవుల మాట. 2024లో వెలువడిన ఒక అధ్యయనం వేరుగా చెప్పింది. ఎగిరే పురుగు వెలుగు ఉన్న వైపుకు వీపు తిప్పుకుంటుంది. ఆకాశం కింద ఆ అలవాటు దాన్ని తిన్నగా నిలుపుతుంది, బల్బు దగ్గర మాత్రం గిరగిరా తిప్పి కట్టిపడేస్తుంది. ఆ విధంగా అడవిలో చెదిరి ఉండే తిండి ఒక్క మూలకు పోగుపడుతుంది. ఇక ‘గోడపై’ అన్నది పాదపూరణమని కొందరు అనవచ్చు. కాదనడానికి సాక్ష్యం పసిఫిక్ దీవుల్లో ఉంది. మగతోడు లేకుండానే గుడ్లు పెట్టి వంశం నడిపే చిన్న బల్లి అక్కడి ఇళ్లలో ఉండేది. ఆసియా నుంచి మన ఇళ్లలోని జాతి వంటిదే ఒకటి ఓడల్లో చేరి, దీపాల దగ్గర దాన్ని వెనక్కి నెట్టింది. పెట్రెన్, కేస్ అనే శాస్త్రవేత్తలు హవాయిలో విమానాల షెడ్లలో ప్రయోగం చేసి 1998లో ప్రచురించారు. నున్నని గోడ మీద కొత్త బల్లి పురుగులన్నీ ముందుగా ఊడ్చేసింది. అడ్డాలు పెట్టి గోడను సంక్లిష్టం చేస్తే దాని ఆధిక్యం తగ్గింది. బల్లులు అవే, పురుగులూ అవే. మారింది గోడ.

కూర్చునే చోటుతో పాటు కూర్చోవడమన్నదీ లెక్కలోకి వస్తుంది. ఒకచోట కాచుకునే బల్లిజాతుల కడుపులో ఎక్కువగా కదిలే పురుగులుంటాయి. తిరిగి వెతికేవాటికి దాగిన చెదలూ అందుతాయి. హ్యూయీ, పియాంకా అనే శాస్త్రవేత్తలు 1981లో కలహారి ఎడారి బల్లుల మీద ఇదే చూపించారు. మన తొండ మొదటి పంక్తిది, నాలుక చాస్తూ ఆకుల కింద దేవులాడే నలికిరి రెండోది. ఇద్దరినీ ఒకే పెరట్లో కూర్చోబెట్టినా విస్తళ్లు వేరు.

ఇక్కడ గట్టి పూర్వపక్షం ఒకటుంది. చోటే తేలుస్తుందంటే, పురుగులున్న చెట్టు మీదే కూర్చున్న ఇగువానా అనే పెద్ద బల్లి ఆకులెందుకు నములుతుంది? దీనికి సిద్ధాంతి కొంత తగ్గక తప్పదు. 1973లో పౌ అనే శాస్త్రవేత్త చూపినట్టు, 50 నుంచి 100 గ్రాముల లోపు బల్లిజాతులు దాదాపు అన్నీ మాంసాహారులే, 300 గ్రాములు దాటినవాటిలో ఎక్కువ శాకాహారులు. పెద్ద ఒంటికి దోమల వేట గిట్టుబాటు కాదు, చిన్న ఒంటికి ఆకులోని సత్తువ చాలదు. కిలోలు తూగినా ఉడుము మాంసం మానదు గదా అంటారా, అది ఎలకలనూ గుడ్లనూ వెతుక్కుంటూ నడుస్తుంది. కనుక మూలకర్త ‘బల్లి’ అనే చోట ‘చిన్నదైన’ అన్న విశేషణం అధ్యాహారం చేసుకోవాలి. వ్యాఖ్యాతలకు ఈ పాటి స్వేచ్ఛ పూర్వం నుంచీ ఉంది.

‘పురుగున్’ అన్న మాటకూ ఆక్షేపణ ఉంది. ఇంటిబల్లి తీపి కూడా నాకుతుంది. నిజమే. మారిషస్‌లో పచ్చ బల్లి ఒకటి రూసియా అనే అరుదైన మొక్క పూలలో తేనె తాగి పుప్పొడి మోస్తుంది, పండు తిని విత్తనాలూ చల్లుతుంది. బయటి నుంచి వచ్చిన చీమలు ఆ పూల మీద కాపురం పెట్టగానే బల్లి రావడం మానేసింది, మొక్కకు కాయలు తగ్గాయి. ఇక్కడా బల్లి రుచి మారలేదు, చోటే చెడింది.