శంకరాభరణానికి పదిహేనో గడి

అన్నవరం కొండ దిగువన ఓ సత్రం. వైశాఖం, పెళ్ళిళ్ళ కాలం. కొత్త దంపతులు వ్రతానికి రత్నగిరి ఎక్కుతూ పెట్టెలన్నీ సత్రం సామాన్ల గదిలో పడేసి పోతున్నారు. గుమాస్తా పెట్టెకో బిళ్ళ ఇస్తాడు. బిళ్ళ మీద నంబరే అర మీదా ఉంటుంది కనక వెతుకులాట లేదు. చిక్కల్లా బిళ్ళ పారేసుకున్నవాళ్ళతోనే. అప్పుడు పుస్తకం మొదటినుంచీ తిరగేసి పేరు పట్టుకోవాలి.

అది చూసి హైదరాబాదు అల్లుడుగారు ఆగలేకపోయారు.

“ఇంకా పుస్తకమేంటండీ? పర్ఫెక్ట్ హ్యాష్ లైబ్రరీ పెట్టుకోండి. పేరు కొట్టగానే అర నంబరు వచ్చేస్తుంది.”

“మాదాపూర్‌లో మా అల్లుడుగారు చేసేది ఇదే,” అన్నారు మామగారు, ఎవరూ అడక్కుండానే.

“ఆయ్. పేరులోంచి నంబరు ఎలా వస్తుందండీ?”

“అక్షరాలతో లెక్క కడుతుంది. మామూలు హ్యాష్‌లో రెండు పేర్లు ఒకే గడిలో పడి గుద్దుకుంటాయి. సంవత్సరానికి 365 రోజులున్నా, గదిలో 23 మంది చేరితే చాలు, ఎవరో ఇద్దరిది ఒకే పుట్టినరోజయ్యే అవకాశం సగానికి పైనే! పర్ఫెక్ట్ హ్యాష్‌కి ముందే పేర్లన్నీ ఇచ్చేస్తాం. ఏ రెండూ తగులుకోని లెక్కని అదే వెతికి పెడుతుంది. 1984లో ఫ్రెడ్‌మన్, కొమ్లోష్, సెమెరెడి అనే ముగ్గురు తోవ చూపించారు. ముందు ఒక లెక్కతో పేర్లని గుంపులు చెయ్యడం, తర్వాత గుంపు గుంపుకీ మళ్ళీ వేరే లెక్క.”

బల్ల మీద కూర్చుని ఆకు పొట్లంలో ప్రసాదం తింటున్న సంగీతం మాస్టారు తలెత్తారు. “ఇది మా కటపయాది కదా బాబూ! క, ట, ప, య, నాలుగు వరసలూ ఒకటితోనే మొదలు. మేళకర్త రాగం పేరులో మొదటి రెండక్షరాల అంకెలు తీసి తిరగెయ్యి. మాయామాళవగౌళలో మ అయిదు, య ఒకటి. తిప్పితే 15. అదే మేళం సంఖ్య. 72 పేర్లు, 72 గళ్ళు. ఏ రెండూ గుద్దుకోవు, ఒక్కటీ ఖాళీ ఉండదు.”

“మినిమల్ పర్ఫెక్ట్ హ్యాష్!” అల్లుడుగారు లేచి నిలబడ్డారు.

“కాకపోతే మావాళ్ళది తలకిందుల పని. మీ లైబ్రరీ పేర్లకి కుదిరే లెక్క వెతుకుతుంది. మావాళ్ళు లెక్కకి కుదిరేలా పేర్లే మార్చారు. శంకరాభరణానికి ‘ధీర’ తగిలించి 29కి తెచ్చారు. తోడికి ‘హనుమ’ తగిలించి 8కి.”

మాస్టారు చెప్పిన తేడా చిన్నది కాదు. సీ భాషలో ‘ఇఫ్’, ‘వైల్’ లాంటి మాటలకి ముందు ‘ధీర’ చేర్చడం కుదరదు. అందుకే డగ్లస్ ష్మిట్ రాసిన జీపెర్ఫ్‌లాంటి పనిముట్లు మాటల జాబితా తీసుకుని, దానికి సరిపోయే హ్యాష్‌ని సీ కోడ్‌గా రాసిస్తాయి. గుడ్డిగా వెతికితే తేలిగ్గా దొరికేది కాదది. 31 మాటల్ని 41 గళ్ళలో సర్దాలంటే, కోటి లెక్కల్లో ఒక్కటి మాత్రమే గుద్దుకోకుండా పనిచేస్తుందని కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు కనూత్ తేల్చాడు.

గుమాస్తాకి మాత్రం వేరే అనుమానం. “ధీర తీసేసి ఉత్త శంకరాభరణం అంటే?”

మాస్టారు వేళ్ళు మడిచారు. “శ అయిదు, క ఒకటి... 15. మాయామాళవగౌళ గడి!”

“ఉత్త తోడి?”

“36. చలనాట.”

“అంటే జాబితాలో లేని పేరు చెప్పినా, లేదు అనదన్నమాట.”

“ఏదో ఒక గడి చూపిస్తుంది,” అల్లుడుగారి గొంతు తగ్గింది. “అందుకే గడిలో పేరు కూడా దాచి, అడిగిన పేరుతో సరిచూడాలి. జాగా కలిసొస్తుందని కొందరు దాచరు.”

“సరిచూడకుండా పెట్టె ఇచ్చెయ్యడం, వ్రతకథలో కళావతి ప్రసాదం వదిలేసి రేవుకి పరిగెత్తడం ఒకటేనండి. ఆనక పడవ మునిగిందంటే నేనేం చేసేది?”

ఇంతలో తుని బస్సు దిగింది. గుమ్మం నిండా పెట్టెలు. “ఈళ్ళ పేర్లు మీ లైబ్రరీకి ముందే ఎలా తెలుస్తాయండి?”

“తెలియవు. కొత్త పేరు చేరితే లెక్క మళ్ళీ కట్టుకోవాలి.”

“పెట్టె పెట్టెకీనా?”

మామగారు దగ్గారు.

“పోనీ కట్టారే అనుకోండి. నిన్న నలుగురు సత్యనారాయణలు, ముగ్గురు సత్యవతులు. అందరిదీ ఒకటే పేరైతే?”

అక్షరాలన్నీ ఒకటే అయినప్పుడు ఏ లెక్కా వాళ్ళని విడదీయలేదు. అల్లుడుగారు ఊరి పేరు కలపమన్నారు. సత్యనారాయణల్లో ఇద్దరిది పిఠాపురమే.

“మీ సత్రంలో మారని జాబితా ఒక్కటీ లేదా?”

గుమాస్తా గోడ వేపు చూశాడు. “గదులున్నాయండి. ఇరవయ్యేడు. అన్నిటికీ నక్షత్రాల పేర్లు.”

అల్లుడుగారి మొహం వెలిగింది. అక్కడ నిలబడే ల్యాప్‌టాప్ తెరిచి, అశ్విని నుంచి రేవతి దాకా కొట్టి, జీపెర్ఫ్ నడిపారు. చిటికెలో లెక్క దొరికింది. ఈలోగా గుమాస్తా మేకు మీంచి స్వాతి గది తాళం తీసి ఎవరికో ఇచ్చి పంపాడు.

“మారవుగా మరి?” అడిగారు మామగారు, గర్వంగా.

“నక్షత్రాలు మారవండి. వచ్చే నెల మేడ మీద ఇంకో గది వేస్తున్నారు. దాతగారు ఆళ్ళ నాన్నగారి పేరు పెట్టమన్నారు.”

“ఏం పేరు?”

“సత్యనారాయణండి.”