లక్ష కోట్ల లెక్కలు

2005 మే నెలలో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఈ3 వీడియో గేమ్‌ల ప్రదర్శనలో సోనీ వారు తమ ప్లేస్టేషన్ 3 శక్తి రెండు టెరాఫ్లాప్స్ అని చాటారు. ఎనిమిదేళ్ల తర్వాత, 2013లో, దాన్ని తలదన్నేదంటూ ప్లేస్టేషన్ 4 తెచ్చారు. దాని శక్తి 1.84 టెరాఫ్లాప్స్. ఎనిమిదేళ్లు రాత్రింబవళ్లు కష్టపడి యంత్రాన్ని ఎనిమిది శాతం నీరసంగా తయారుచేసిన ఘనత ఇంకెవరికైనా ఉందేమో నాకు తెలియదు. చిత్రమేమిటంటే, కొత్త పెట్టెలో బొమ్మలు నిజంగానే ఎన్నో రెట్లు బాగున్నాయి.

ఇంతకీ టెరాఫ్లాప్ అంటే, దశాంశ సంఖ్యల మీద సెకనుకు లక్ష కోట్ల లెక్కలు. వాటిని ఎవరు కూర్చుని లెక్కపెట్టారని అడక్కండి. ఎవరూ లెక్కపెట్టరు, గుణించి చెప్తారు. మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌నే తీసుకోండి. గ్రాఫిక్స్ చిప్‌లో 52 కంప్యూట్ యూనిట్లు, ఒక్కోదానిలో 64 లెక్కల గుమాస్తాలు, గడియారం సెకనుకు 182.5 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. ఈ మూడింటినీ గుణించి, ఆ వచ్చినదాన్ని మళ్లీ రెండుతో గుణించాలి. ఈ రెండు ఎక్కణ్నుంచి వచ్చిందంటారా? గుమాస్తా ఒక దెబ్బలో రెండు సంఖ్యల్ని గుణించి, ఆ ఫలితానికి మూడోదాన్ని కలుపుతాడు. చేసింది ఒకే దెబ్బ, బిల్లు మాత్రం రెండు పనులకు. మొత్తం 12.15 టెరాఫ్లాప్స్.

అంటే ఆ మూడు వేల పైచిలుకు గుమాస్తాల్లో ఒక్కడూ కునుకు తీయకుండా, మెమరీ నుంచి కాగితాలు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూడకుండా, గుణించి కలపడం తప్ప మరో పని పెట్టుకోకుండా ఉంటే వచ్చే అంకె అది. అలా నడిచే ఆట ఇంతవరకు ఎవరూ రాయలేదు. రాస్తే అందులో ఆడటానికి ఏమీ ఉండదు.

సిరీస్ ఎక్స్ లెక్క కనీసం చిప్‌కు కట్టుబడి ఉంది. 2005 నాటి రెండు టెరాఫ్లాప్స్‌లో ప్లేస్టేషన్ 3 ప్రధాన ప్రాసెసర్ అయిన సెల్ వాటా 0.2 చిల్లర. మిగతా 1.8 గ్రాఫిక్స్ చిప్ ఖాతాలో రాశారు. ప్రోగ్రామర్ చెప్పిన మాట వినే భాగాలతో పాటు, ఒకే పనికి పుట్టి ఆ పనిలోనే బతుకు వెళ్లదీసే సర్క్యూట్లనూ అందులో జమకట్టారు. హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్నవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మెట్లూ, లిఫ్టూ, వాచ్‌మన్ గదీ కలిపితే సూపర్ బిల్టప్ ఏరియా. 2013లో సోనీ వారు చెప్పింది కార్పెట్ ఏరియా. మైక్రోసాఫ్ట్ వారేమీ తక్కువ తినలేదు, ఎక్స్‌బాక్స్ 360కి వాళ్లూ ఒక టెరాఫ్లాప్ ప్రకటించుకున్నారు.

అంతకుముందు తరాల్లో ఈ రోగం పేరు బిట్లు. సెగా వారు మెగా డ్రైవ్ నెత్తి మీద '16-బిట్' అని బంగారు రంగులో అచ్చువేసుకున్నారు. నింటెండో వారి సూపర్ నింటెండో కూడా 16 బిట్లే కావడంతో, అమెరికాలో 'బ్లాస్ట్ ప్రాసెసింగ్' అనే దివ్యాస్త్రం బయటికి తీశారు. సెగా ప్రాసెసర్ 7.67 మెగాహెర్ట్జ్, నింటెండోది 3.58 కాబట్టి వేగమే సర్వస్వమన్నారు. రంగుల సంగతి మాత్రం ఎత్తలేదు. అక్కడ నింటెండోవి 32,768, సెగావి 512.

1993లో అటారీ వారు ఇంకో మెట్టెక్కి 64 బిట్ల జాగ్వార్ తెచ్చారు. 'లెక్క వేసుకోండి' అన్నది వాళ్ల ప్రకటన. పాపం, కొందరు నిజంగానే వేశారు. లోపల టామ్, జెర్రీ అని రెండు చిప్‌లు, రెండింటిలోనూ ఉన్నవి 32 బిట్ల ప్రాసెసర్లు. టామ్‌లో కొన్ని భాగాలు 64 బిట్లవే, అది నిజం. కానీ ఆ జంటతో కుస్తీ పట్టలేక చాలామంది డెవలపర్లు పక్కనే మేనేజరుగా కూర్చోబెట్టిన మోటరోలా 68000 చేతే ఆటలు నడిపించారు. మెగా డ్రైవ్‌లో ఉన్నదీ ఆ 68000యే.

కొలబద్ద ఏదైనా దాన్ని పట్టుకునేది ముందున్నవాడే. వెనకబడినవాడికి వెంటనే వైరాగ్యం కలుగుతుంది. 2013లో ఎక్స్‌బాక్స్ వన్ 1.31 దగ్గర ఆగిపోయినప్పుడు మైక్రోసాఫ్ట్ వారికి అసలు శక్తి క్లౌడ్‌లో, అంటే మేఘాల్లో, కనిపించింది. 2017లో ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్‌కు ఆరు టెరాఫ్లాప్స్ వచ్చాక మేఘాలు విచ్చుకున్నాయి, ప్రపంచంలోకెల్లా శక్తిమంతమైన కన్సోల్ మాదేనన్నారు. 2020 మార్చిలో తత్వం సోనీ వంతైంది. ప్లేస్టేషన్ 5కి 10.28 మాత్రమే రావడంతో, ప్లేస్టేషన్ 4కీ సూత్రధారి అయిన మార్క్ సెర్నీ టెరాఫ్లాప్స్‌తో యంత్రాల్ని పోల్చడం ప్రమాదమని శాంతంగా ప్రవచించారు. యూనిట్లు తక్కువైనా గడియారం వేగంగా కొట్టుకుంటే చిప్‌లో మిగతా పనులూ చురుగ్గా సాగుతాయన్నది ఆయన వాదన. న్యాయంగా చెప్పాలంటే అందులో తప్పేమీ లేదు. పక్కపక్కన పెట్టి చూస్తే చాలా ఆటల్లో తేడా పట్టడానికి భూతద్దం కావాల్సొచ్చింది. అయితే అదే ప్రవచనంలో కొత్త కొలబద్ద కూడా చేతికిచ్చారు. ఎస్‌ఎస్‌డీ వేగం సెకనుకు 5.5 గిగాబైట్లు, అవతలివాళ్లది 2.4.

అదే ఏడాది మైక్రోసాఫ్ట్ వారు సిరీస్ ఎస్ అని చిన్న పెట్టె కూడా అమ్మారు. నాలుగు టెరాఫ్లాప్స్. ఆరు ఉన్న పాతదానికంటే ఇది కొత్త తరమని కొనేవాడికి చెప్పాల్సిన బాధ్యత కౌంటర్ దగ్గర నిలబడ్డ కుర్రాడి మీద పడింది.

ఈ టెరాఫ్లాప్స్ గొడవలో తలదూర్చనిది నింటెండో. 2006లో వచ్చిన వాళ్ల 'వీ' కన్సోల్ శక్తిలో ఆ తరంలో అందరికన్నా బక్కది, అమ్మకాల్లో పది కోట్లు దాటి అందరికన్నా ముందుంది. చెయ్యి ఊపితే తెరమీద టెన్నిస్ బంతి ఎగిరిందా లేదా అన్నదే అక్కడ కొలత.

2024లో ప్లేస్టేషన్ 5 ప్రో వచ్చేసరికి, కొత్త తరం చిప్‌ల లెక్కలో గుమాస్తా ఒకే దెబ్బలో ఇంకో జత పనులు చేసినట్టు రాసుకునే వీలు కలిగింది. అలా రాస్తే 33 పైచిలుకు టెరాఫ్లాప్స్. సెర్నీ దీనికి 'ఫ్లాప్‌ఫ్లేషన్' అని పేరు పెట్టి, మాది 16.7 మాత్రమేనని నిజాయితీగా చెప్పారు. అంకె సగానికి తగ్గినా విడుదలప్పుడు ధర మాత్రం 699.99 డాలర్ల దగ్గర నిలకడగా నిలిచింది. డిస్క్ డ్రైవ్ అందులో లేదు, విడిగా కొనుక్కోవాలి. పెట్టెను నిలువుగా నిలబెట్టే స్టాండ్ కూడా.